గరిక కింద గొట్టాలు: గోల్ఫ్ కోర్సు ఆర్కిటెక్టు అసలు ఏం చేస్తాడు?

క్లుప్తంగా: బెంగళూరు చుట్టుపక్కల విల్లా ప్రాజెక్టుల బ్రోషర్లలో గోల్ఫ్ కోర్సు గీసినవారి పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. ఆ పేరు వెనకున్న పనిలో ఎక్కువ భాగం నీళ్లను మళ్లించే పని, అదీ కంటికి కనిపించకుండా. చల్లఘట్ట చెరువు నేల మీద వచ్చిన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సునూ, దాన్ని గీసిన పీటర్ థామ్సన్ జీవితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వృత్తి దేని మీద నడుస్తుందో అర్థమవుతుంది.

ఆదివారం సైట్ విజిట్‌కి వెళ్లొచ్చే తెలుగు కుటుంబాలకు ఈ బ్రోషర్లు కొత్త కాదు. వెంచర్ దేవనహళ్లి వైపో, బిడది వైపో, కోలారు రోడ్డు మీదో ఉంటుంది. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఫొటోలు అయ్యాక ఒక పేజీ నిండా పచ్చిక, దాని కింద ఫలానా అంతర్జాతీయ ఆర్కిటెక్టు డిజైన్ చేశారన్న మాట. అటువైపు బాల్కనీ ఉన్న ఇంటికి రేటు ఎక్కువ. ఇంటికి ఆర్కిటెక్టు కావాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. పచ్చిక బయలుకు ఆర్కిటెక్టు ఎందుకన్నది సేల్స్ కుర్రాడు కూడా చెప్పలేని సంగతి. 2024 వేసవిలో నగరం నీళ్ల కోసం అల్లాడాక దీనికి ఇంకో ప్రశ్న తోడైంది: ఆ పచ్చదనానికి నీళ్లెక్కడివి? విచిత్రమేమిటంటే రెండు ప్రశ్నలకూ జవాబు దాదాపు ఒకటే.

డిగ్రీ అడగని వృత్తి

మన దేశంలో భవనాలు గీసే ఆర్కిటెక్టుకు 1972 నాటి చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. గోల్ఫ్ కోర్సు గీసేవారికి అలాంటి నిబంధన ఏదీ లేదు. ఇది ఇక్కడి లోపం మాత్రమే కాదు, ఆ వృత్తి పుట్టుకే అలాంటిది. 19వ శతాబ్దపు స్కాట్లండ్‌లో కోర్సులు గీసిన ఓల్డ్ టామ్ మోరిస్ సెయింట్ ఆండ్రూస్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి. బంతులు, కర్రలు తయారుచేయడం, పందేల్లో ఆడడం, పచ్చిక కోయించడం, పిలిచిన ఊరికి వెళ్లి కర్రలు పాతి హోల్స్ (బంతిని మొదట కొట్టే చోటి నుంచి అది పడాల్సిన గుంట దాకా ఉండే ఒక్కో భాగం) గుర్తుపెట్టడం, అన్నీ అతని పనులే.

తర్వాత వచ్చినవారు ఇంకా వింత దారుల్లో వచ్చారు. అలిస్టర్ మెకంజీ వైద్యుడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో పనిచేస్తూ, శత్రువు కంటపడకుండా బోయర్లు నేలను వాడుకున్న తీరు గమనించాడు. తర్వాత ఆ తెలివిని బంకర్లకు వాడాడు. ఒక కోణం నుంచి కనిపించి ఇంకో కోణం నుంచి మాయమయ్యే ఇసుక గుంటలు అతని ముద్ర. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్, వ్యవసాయం, తోటల రూపకల్పన నుంచి తనకు కావాల్సిన పాఠాలు ఏరుకుని సొంత సిలబస్ తయారుచేసుకున్నాడు. పీట్ డై ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు.

డై గీసిన ఒక హోల్ ఈ వృత్తి స్వభావాన్ని బాగా పట్టిస్తుంది. ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్ కోర్సుది చిత్తడి నేల. ఫెయిర్‌వేలకు, అంటే బంతి కొట్టుకుంటూ సాగే పచ్చిక దారులకు, పోయడానికి మంచి ఇసుక కావాలి. 17వ హోల్ దగ్గర అది దొరికింది, తవ్వుకుంటూ పోయారు, చివరికి గ్రీన్ (బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) కట్టాల్సిన చోట చుట్టూ పెద్ద గొయ్యి మిగిలింది. దాన్ని నీళ్లతో నింపి మధ్యలో గ్రీన్ పెడదామని డై భార్య ఆలిస్ చెప్పింది. ప్రపంచంలో ఎక్కువగా ఫొటోలకెక్కిన ఆ దీవి గ్రీన్ అలా పుట్టింది. దాని మూలం మట్టి లెక్కలో ఉంది, కళాదృష్టి తర్వాత వచ్చింది.

ఆటగాడి నుంచి గీసేవాడిగా

పీటర్ థామ్సన్ 1929లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టాడు. ఇంటి దగ్గర్లోని తొమ్మిది హోల్స్ పబ్లిక్ కోర్సులో ఆట నేర్చుకున్నాడు. 1954, 1955, 1956 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు, తర్వాత 1958లో, 1965లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అమెరికాలో మాత్రం ఎక్కువగా ఆడలేదు, ఆడినప్పుడు అంతగా రాణించనూ లేదు. కారణం అతని ఆట తీరు. అక్కడ తడిపిన మెత్తటి గ్రీన్ల మీదికి బంతిని ఎత్తుగా లేపి టప్పున దించాలి. థామ్సన్‌కు అచ్చొచ్చింది గట్టి నేల, గాలి, తక్కువ ఎత్తులో వెళ్లి దొర్లుతూ చేరే బంతి. గీయడం మొదలుపెట్టాక కూడా అతని మాట అదే: నేల బంతిని నడిపించాలి, నీళ్లు పోసి నేలను చంపకూడదు. నీటి కరువున్న నగరాలకు ఈ అభిరుచి సరిపోవడం కాకతాళీయమే, కానీ పనికొచ్చే కాకతాళీయం.

భారత్‌తో అతని బంధం ఆటతో మొదలైంది. ఇండియన్ ఓపెన్ పుట్టడంలో అతని చొరవ ఉంది. 1964లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగిన మొదటి పోటీని తనే గెలిచాడు, 1966లోనూ 1976లోనూ మళ్లీ గెలిచాడు. ఆసియాలో టోర్నమెంట్లు పెరగాలంటే ముందు మంచి కోర్సులు ఉండాలి. అంటే ఆట పెరిగేకొద్దీ గీసే పనీ పెరుగుతుంది. మొదట బ్రిటన్‌కు చెందిన జాన్ హారిస్‌తో, తర్వాత మైఖేల్ వుల్వరిడ్జ్‌తో, ఆపైన రాస్ పెరెట్‌తో కలిసి థామ్సన్ పనిచేశాడు. 1970ల్లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ కోర్సును తిరగ్గీసింది అతనే. బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్, అందరూ కేజీఏ అనే కోర్సు, అతని డిజైనే.

ఈ వృత్తిలో నిలదొక్కుకోవడం ఎలాగో అతని జీవితంలో కనిపిస్తుంది. ఒక్క దారినే నమ్ముకోలేదు. మూడు దశాబ్దాలకు పైగా ఆస్ట్రేలియా వృత్తి గోల్ఫర్ల సంఘానికి అధ్యక్షుడు, మెల్‌బోర్న్ పత్రిక ద ఏజ్‌లో గోల్ఫ్ కాలమిస్టు. 1982లో విక్టోరియా రాష్ట్ర ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. 1985లో అమెరికా సీనియర్ల టూర్‌లో తొమ్మిది టోర్నమెంట్లు గెలిచాడు, అదీ అంతకుముందు తనకు కలిసిరాని దేశంలో. 2018లో చనిపోయాడు. కోర్సు గీస్తే ఒకసారి ఫీజు వస్తుంది, తర్వాతి పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. కాబట్టి పేరును ఇంకెక్కడైనా బతికించుకోవాలి. ఆటలో గెలుపులు, పత్రికలో కాలమ్, సంఘంలో పదవి, ఇవన్నీ అతనికి విజిటింగ్ కార్డుల్లా పనిచేశాయనుకోవచ్చు.

చెరువు పోయి కోర్సు వచ్చింది

కేజీఏ కోడిహళ్లి, మురుగేశ్‌పాళ్య పక్కన ఉంటుంది. మురుగేశ్‌పాళ్యలోని పీజీల్లో, ఆంధ్రా మెస్సుల్లో తెలుగు మాట వినపడని పూట ఉండదు. కానీ అక్కడుండే చాలామందికి ఈ కోర్సు అంటే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు ట్రాఫిక్‌లో గోడ వెనక కనిపించే చెట్లే. ఆ స్థలం పాత పేరు చల్లఘట్ట చెరువు. మెట్రో పర్పుల్ లైన్ చివర కెంగేరి దాటాక వచ్చే చల్లఘట్ట వేరు, ఇది వేరు. పూడిపోయాక, ఆక్రమణల వల్ల, సర్కారు అవసరాలకు మాయమైన బెంగళూరు చెరువుల జాబితాల్లో కంఠీరవ స్టేడియం కిందున్న సంపంగి, మెజెస్టిక్ బస్టాండ్ కిందున్న ధర్మాంబుధి సరసన చల్లఘట్ట పేరు ఎప్పుడూ ఉంటుంది.

చెరువు పోయినా వాలు పోదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, రాయలసీమ నుంచి వచ్చినవారికి వేరే చెప్పక్కర్లేదు. బెంగళూరువి గొలుసుకట్టు చెరువులు. పైదాని అలుగు నీరు కిందిదానికి చేరుతుంది. చల్లఘట్ట లోయ నీళ్లు బెళ్లందూరు చెరువు వైపు దిగుతాయి. అలాంటి నేల మీద కోర్సు గీయడమంటే ముందుగా రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. వాన కురిసినప్పుడు నీరు ఎటు పోవాలి? కురవనప్పుడు ఎక్కడ నిలవాలి? కోర్సులో కనిపించే చెరువులు అందానికనో, బంతి పడి ఆటగాడికి టెన్షన్ పెట్టడానికనో అనుకుంటారు. ఆర్కిటెక్టు లెక్కలో అవి ముందు పల్లంలో నీరు పట్టే గుంటలు, తర్వాత తడులకు నిల్వ, ఆ తర్వాతే ఆటలో అడ్డంకి.

పన్నెండు అంగుళాల ఇసుక

బంతి చివరికి చేరే గ్రీన్ చూడ్డానికి చాప పరిచినట్టు ఉంటుంది. కోసి చూస్తే పొరలు బయటపడతాయి. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో ప్రకటించిన పద్ధతి కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. అడుగున మట్టిని వాలుగా సరిచేసి కాలువలు తీస్తారు, వాటిలో నాలుగు అంగుళాల చిల్లుల గొట్టాలు వేస్తారు. పైన నాలుగు అంగుళాల కంకర. దాని మీద పన్నెండు అంగుళాల ఇసుక మిశ్రమం, ఆపైన గడ్డి.

ఇసుకలో నీళ్లు నిలవవు కదా, గడ్డి ఎండిపోదా? అక్కడే కిటుకు ఉంది. ఉతికిన చీరను తీగ మీద ఆరేస్తే పైభాగం తొందరగా ఆరుతుంది, కింది అంచు చాలాసేపు తడిగానే ఉంటుంది. నీరు అంచు దాకా వస్తుంది కానీ బరువు సరిపోయేదాకా జారిపడదు. సన్నటి ఇసుక కింద ముతక కంకర ఉన్నా అంతే. ఇసుక అడుగు పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు. ఎండలో ఆ తడే వేళ్లకు ఆసరా. జడివాన పడితే బరువు పెరిగి ఒక్కసారిగా దిగి గొట్టాల్లోకి పోతుంది. ఇసుక మరీ ముతకైతే తడి ఉండదు, మరీ సన్నమైతే బురద. అందుకే ఇసుకను ల్యాబ్‌లో జల్లెడ పట్టించి, రేణువుల కొలత చూశాకే లారీలు దింపిస్తారు.

పైనున్న గడ్డి మనకు పరాయిది కాదు. వేడి ప్రాంతాల గ్రీన్ల మీద ఎక్కువగా కనిపించేది బెర్ముడా గడ్డి రకాలు. బెర్ముడా గడ్డి అంటే గరికే, వినాయక చవితి పత్రిలో ఉండే దూర్వ. అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ దాన్ని ఆఫ్రికా బంధువుతో కలిపి సన్నటి ఆకుల సంకరాలు తీశాడు. గ్రీన్ మీద దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. ఆ సంకరాలకు విత్తనం కట్టదు, కణుపులు నాటుకోవాల్సిందే. కాబట్టి కోర్సు తయారయ్యే గడువులో ఎక్కువ భాగం పరికరాల చేతిలో ఉండదు. గడ్డి పాకేదాకా ఆగాలి.

ట్యాంకర్ల లెక్కలో చూస్తే

ఒక హెక్టారు పచ్చిక మీద రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకుంటే అది 50,000 లీటర్లు. పద్దెనిమిది హోల్స్ కోర్సులో 30 హెక్టార్లు తడపాలంటే ఎండాకాలం రోజుకు 15 లక్షల లీటర్లు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆగే 12,000 లీటర్ల ట్యాంకర్లలో చెబితే 125 ట్యాంకర్లు. ఒక్కరోజుకు.

ఇన్ని నీళ్లు బోర్ల నుంచి తోడితే పక్క ఊరి బోర్లు నోళ్లు తెరుస్తాయి. అందుకే నగరాల్లో కోర్సులకు దారి శుద్ధి చేసిన మురుగునీరే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకూ కార్లు కడగడానికీ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించినప్పుడు ఆ దారి ఇంకా స్పష్టమైంది. మురుగుకు బెంగళూరులో కొరత లేదు. కోరమంగళ చల్లఘట్ట లోయ పేరుతోనే ఉన్న కేసీ వ్యాలీ పథకం 2018 నుంచి శుద్ధి చేసిన నీటిని కోలారు జిల్లా చెరువులకు పంపుతోంది. దాని సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. కోలారు, ముళబాగిలు వైపు తెలుగు రైతులకు ఈ నీళ్ల మంచీచెడూ బాగా తెలుసు.

శుద్ధి చేసిన నీటిలో ఉప్పు ఎక్కువ ఉంటే దాన్ని వేళ్ల దగ్గర పేరుకోనివ్వకుండా కిందికి కడిగేయాలి. కింద గొట్టాలు సరిగా లేకపోతే కడిగిన ఉప్పు అక్కడే నిలుస్తుంది. అంటే నీటి వనరు మారితే అడుగున డిజైన్ కూడా మారాలి. ఆర్కిటెక్టు ఫీజులో విలువైన భాగం ఇదే, బ్రోషర్‌లో ఎప్పుడూ కనిపించని భాగమూ ఇదే.

ప్రదక్షిణ దిశ, ప్లాట్ల దిశ

ఆట కోసమే గీసిన కోర్సుకూ ఇళ్లు అమ్మడం కోసం గీసిన కోర్సుకూ తేడా కాగితం మీదే తెలిసిపోతుంది. మొదటి రకంలో హోల్స్ పక్కపక్కన సర్దుకుంటాయి, స్థలం తక్కువ పడుతుంది. రెండో రకంలో ఒక్కో ఫెయిర్‌వే విడిగా పాములా సాగుతుంది, రెండు వైపులా ఇళ్లు. 400 గజాల ఫెయిర్‌వే విడిగా ఉంటే 800 గజాల గోల్ఫ్ వ్యూ దొరుకుతుంది. రెండింటిని జతగా పెడితే ఆ 800 గజాలనే రెండూ పంచుకోవాలి. బిల్డరు ఏది కోరుకుంటాడో ఊహించుకోవచ్చు. పైపులు, నడక దూరం, కోత ఖర్చు పెరిగేది మాత్రం కోర్సు నడిపేవారికి.

బంతి సంగతి కూడా ఉంది. కుడిచేతి వాటం ఆటగాళ్లే ఎక్కువ, వారిలో కొత్తవారి బంతి ఎక్కువగా కుడికి వంగుతుంది. అందుకే స్థలం అంచు వెంట హోల్స్‌ను ప్రదక్షిణ దిశలో తిప్పడం మంచిది. ప్రదక్షిణలో గుడి కుడివైపు ఉన్నట్టే ఇక్కడ కోర్సు కుడివైపు ఉంటుంది, వంగిన బంతి కోర్సులోనే పడుతుంది. అప్రదక్షిణంగా తిప్పితే పగిలేది పక్కింటి కిటికీ అద్దం. గోల్ఫ్ వ్యూ ఇల్లు చూడబోయేవారు వాస్తు అడిగే ముందు టీ (బంతిని మొదట కొట్టే చోటు) ఎటువైపు ఉందో, ఇల్లు దానికి కుడినా ఎడమనా అని చూసుకోవడం లాభం. పొద్దున ఆరింటికి మొదలయ్యే ఆటలో మొదటి హోల్ సూర్యుడికి ఎదురుగా ఉండకూడదన్న జాగ్రత్త కూడా ఇలాంటిదే.

ఇళ్ల అమ్మకాల మీద ఆధారపడ్డ వృత్తి కాబట్టి ఆ మార్కెట్‌తో పాటే లేస్తుంది, పడుతుంది. అమెరికాలో 2006 నుంచి పదేళ్లకు పైగా కొత్తగా తెరిచిన కోర్సుల కంటే మూతపడినవే ఎక్కువ. అక్కడి ఆర్కిటెక్టులు ఆసియా వైపు చూశారు. చైనాలో 2004లోనే కొత్త కోర్సులు నిషేధించినా నిర్మాణం ఆగలేదు, చివరికి 2017లో 111 కోర్సులు మూయించామని ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడు పేరున్న సంస్థలకు కూడా పాత కోర్సుల మరమ్మతే పెద్ద పని. గొట్టాలు పూడుకుపోతాయి, ఇసుకలో మడ్డి చేరుతుంది, గ్రీన్లను మళ్లీ తవ్వాల్సి వస్తుంది.

బ్రోషర్‌లో పెద్ద ఆటగాడి పేరున్నంత మాత్రాన అతను ఆ సైట్‌లో రోజూ నిలబడ్డాడని కాదు. గీతలు గీసేది, కాంట్రాక్టర్‌తో తగువులాడేది అతని సంస్థలోని సహాయకులు. పేరున్నవారు ఎన్నిసార్లు రావాలో ఒప్పందంలో రాసుకుంటారు. కొనేవారికి పేరు కంటే నీటి అనుమతి కాగితం ఎక్కువ చెబుతుంది.

కోర్సు వల్ల ఒరిగేది ఏమీ లేదని కాదు. 2012లో ఇండియన్ ఓపెన్ కేజీఏలోనే జరిగింది. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ చిన్నప్పుడు ఆట మొదలుపెట్టింది కేజీఏ డ్రైవింగ్ రేంజ్‌లోనే.

చెన్నైలో తిరగబడ్డ లెక్క

గిండీ రేస్‌కోర్సు ట్రాక్ లోపల చెన్నైలోని మద్రాస్ జింఖానా క్లబ్ గోల్ఫ్ కోర్సు చాలాకాలం నడిచింది. బెంగళూరులా అక్కడ ఎత్తుపల్లాలు లేవు, చదును నేల. వాలు లేని చోట ఆర్కిటెక్టు చేతిలో ఉన్న ఉపాయం తవ్వి పోయడమే: ఒకచోట గుంట, ఆ మట్టితో పక్కనే గ్రీన్‌కు ఎత్తు. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం మద్రాస్ రేస్ క్లబ్ లీజు రద్దు చేసి దాదాపు 160 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. విషయం కోర్టుకెక్కింది. ఈలోగా ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తున్నాయని, పక్కనున్న వేళచ్చేరి మునగకుండా వాన నీరు పట్టడానికి అక్కడ కార్పొరేషన్ చెరువులు తవ్వడం మొదలుపెట్టింది.

చల్లఘట్టలో చెరువు నేల మీద కోర్సు లేచింది, గిండీలో ఆటస్థలంలో చెరువులు దిగాయి. రెండు చోట్లా ముందు చేతికి తీసుకునేది నేల ఎత్తుపల్లాలను గీతల్లో చూపే కాంటూరు మ్యాపే. చెరువుల కోసం గిండీలో లెవెల్స్ చూసిన ఇంజనీర్లు వెతికింది, గ్రీన్ల కోసం ఆర్కిటెక్టు వెతికేది ఒకటే గీత, నీరు ఎటు జారుతుందో చెప్పే గీత.